నాలుగు చక్రాలూ తిరుగుతున్నా బండి కదలదేం?

వానలు ముదిరాక నల్లరేగడి ఊళ్ళలో ఏటా కనిపించే దృశ్యం ఇది. పొలాల మధ్య డొంకలో ఒక పికప్ ట్రక్కు చక్రాల నడిమి దాకా దిగబడి ఉంటుంది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కుతాడు. ఇంజను గుక్కపట్టి అరుస్తుంది. చక్రాలు గిర్రున తిరిగి, వెనక నిలబడి తోసేవాళ్ళను తలనుంచి కాళ్ళదాకా బురదతో ముంచెత్తుతాయి. బండి ముందుకు రాకపోగా ఇంకో అంగుళం కిందికి దిగుతుంది. ఆ పక్కనుంచే ఒక గేదె, అదే బురదలో, మెల్లగా కాళ్ళు తీసి వేసుకుంటూ దాటిపోతుంది. అప్పుడు చూసేవాళ్ళలో ఒకరు తప్పకుండా అడుగుతారు: “ఇది నాలుగు చక్రాలూ లాగే బండే కదా? ఫోర్ బై ఫోర్ అన్నారే! మరి ఎందుకు దిగబడింది?”

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు వెతకాలంటే బానెట్ ఎత్తి చూడనక్కర్లేదు. కిందికి వంగి, ఒక ముద్ద బురద చేతిలోకి తీసుకోవాలి.

మెడలోతు నీళ్ళలో పాదాలు

చక్రం నేలను వెనక్కి తోస్తుంది, నేల చక్రాన్ని ముందుకు తోస్తుంది. బండి కదిలేది ఇలాగే. మనం నడిచేదీ ఇలాగే. సబ్బునురగ పడ్డ గచ్చుమీద ఎంతటి వస్తాదైనా అడుగు తీసి అడుగు వేయలేడు. అతని కండలకు లోటేమీ రాలేదు, పాదాన్ని తిరిగి తోసే ఆసరా గచ్చులో పోయింది. ఇంజను ఎన్ని గుర్రాల బలమున్నదైనా సరే, నేల తిరిగి ఇవ్వగలిగినంత తోపుడే బండికి దక్కుతుంది. ఇంజనీర్లు ట్రాక్షన్ అనే ఈ తోపుడును మనం ‘నేలపట్టు’ అని పిలుచుకుందాం.

మట్టికి ఈ బలం రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, రేణువులు ఒకదాన్నొకటి నొక్కుకుని ఒరుసుకోవడం. రెండోది, బంకమట్టిలో ఉండే జిగురు. ఈ రెంటినీ విడదీసి లెక్కగట్టింది విద్యుత్తు పాఠాల్లో మనకు తెలిసిన కూలుంబే. ఆయన వృత్తిరీత్యా ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు. కోటగోడలు కట్టేవాడికి గోడ వెనక మట్టి ఎప్పుడు జారుతుందో తెలియాలి గదా. 1773లో పారిస్ విజ్ఞాన అకాడమీకి ఇచ్చిన వ్యాసంలో ఆ లెక్క చెప్పాడు. మట్టి ఒక పొరమీద ఇంకో పొర జారిపోకుండా తట్టుకునే ఆ శక్తిని షియర్ స్ట్రెంత్ అంటారు. తెలుగులో ‘జారని బలం’ అనుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు ఈ మట్టిలోకి నీరు వచ్చింది. ఏం జరుగుతుంది? చెరువులో దిగిన అనుభవం గుర్తు చేసుకోండి. మోకాలి లోతులో ఉన్నంతసేపూ పాదాలు నేలమీద నిలకడగానే ఉంటాయి. మెడలోతుకు వెళ్ళేసరికి కాలు ఆనదు, చిన్న అల వచ్చినా తేలిపోతాం. మన బరువు ఎక్కడికీ పోలేదు. దాన్ని నీరు మోస్తోంది. పాదానికి నేలను నొక్కే పని తగ్గింది, దాంతోపాటు పట్టూ తగ్గింది.

తడిసిన మట్టిలో ప్రతి రేణువుదీ ఇదే స్థితి. బండి బరువు పైన పడగానే రేణువుల సందుల్లో ఇరుక్కున్న నీరు ఆ బరువును తానే మోయడం మొదలుపెడుతుంది. రేణువుకూ రేణువుకూ మధ్య నొక్కుడు తగ్గి ఒరిపిడి పోతుంది. ఈ ‘సందునీటి ఒత్తిడి’ ఎంత ముఖ్యమో పట్టుకుని, మట్టిని చూసే పద్ధతినే మార్చినవాడు 1883లో ప్రాగ్‌లో పుట్టిన కార్ల్ టెర్జాగీ. 1925లో వెలువడిన ఆయన పుస్తకంతోనే ఆధునిక మృత్తికా యంత్రశాస్త్రం మొదలైందంటారు.

ఇసుకలో సందులు పెద్దవి కాబట్టి నీరు త్వరగా జారిపోతుంది. బంకమట్టిలో అవి కంటికి కనబడనంత సన్ననివి. అందులో ఇరుక్కున్న నీరు బయటపడటానికి రోజులు పడుతుంది. ఒక గంట ఆగితే ఆరుతుందిలే అని చెట్టుకింద కూర్చుంటే లాభం లేకపోవడానికి కారణం ఇదే.

బంకమట్టి అన్నిటిలోనూ మన నల్లరేగడిది ప్రత్యేకమైన గుణం. ఇంగ్లీషు భూగోళ పుస్తకాల్లో ఈ నేలను ‘రెగూర్’ అంటారు. ఆ మాట మన రేగడి నుంచి వెళ్ళిందే. ఇందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఎక్కువ. అది పుస్తకంలో కాగితాల్లాగా పలచటి రేకుల దొంతర. తడిసిన పుస్తకం ఉబ్బినట్టే, రేకుల మధ్యకు నీరు చేరి ఈ మట్టి ఉబ్బుతుంది. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చే నేల, వానాకాలంలో ఆ నెర్రెలన్నీ మూసుకుని జారుముద్ద అవుతుంది. చెప్పుకు అంటుకుంటే అడుగడుక్కీ అరకిలో చొప్పున బరువు పెరిగే మట్టి ఇదే.

మట్టి ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, వంటిల్లు చాలు. చపాతీ పిండిలో నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ పోతే మొదట పొడిపొడిగా, తర్వాత ముద్దగా, చివరికి అట్లపిండిలా జారుగా అవుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటెర్‌బర్గ్ 1911లో మట్టికి సరిగ్గా ఈ హద్దులే గీశాడు. ఆయన పేరుమీద ఇప్పటికీ జరిగే పరీక్షల్లో ఒకటి చూస్తే జంతికలు గుర్తొస్తాయి. మట్టిని అరచేతికింద దొర్లించి సన్నటి దారం చేస్తారు. 3 మిల్లీమీటర్ల మందానికి వచ్చేసరికి అది పగిలిపోతే మట్టి ముద్దస్థితికి కింది హద్దులో ఉన్నట్టు. బండి దిగబడినచోట ఈ పని చేసి చూడండి. దారం పగులుతుంటే కాస్త తవ్వి, కాస్త ఆసరా పెడితే బండి వస్తుంది. దారం కాకుండా వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంటే మాత్రం బయటినుంచి లాగేవాళ్ళను పిలిపించుకోవడం మంచిది.

వంటింట్లోంచే ఇంకో పోలిక తెచ్చుకోవాలి. తోడుకున్న పెరుగును కదపకుండా గరిటెతో తీస్తే ముక్కలా వస్తుంది. అదే పెరుగును కవ్వంతో నాలుగు తిప్పులు తిప్పండి. ఒక్క చుక్క నీరు కలపకుండానే జారుడు అవుతుంది. కదలని బంకమట్టిలోనూ రేణువులు ఒక అల్లికగా కట్టుకుని ఉంటాయి. చక్రం ఊరికే గిర్రున తిరిగిందంటే కవ్వం పెట్టి చిలికినట్టే. ఆ అల్లిక తెగిపోయి, అరనిమిషం కిందట బండి బరువు మోసిన మట్టి ఇప్పుడు మోయలేనిదవుతుంది. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ బండి ఎందుకు దిగుతుందన్నదానికి జవాబు ఇక్కడే ఉంది.

ఒకటిన్నర పోస్టుకార్డు

రెండు టన్నుల బండి అనుకుందాం. చక్రానికి 500 కిలోలు. టైరులో గాలి 35 పాయింట్లు ఉందంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.5 కిలోల ఒత్తిడి. టైరు నేలను దాదాపు అంతే ఒత్తిడితో నొక్కుతుంది కాబట్టి, ఆ 500 కిలోలను మోస్తున్న నేల దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. ఒకటిన్నర పోస్టుకార్డు. ట్రక్కు మొత్తం ఆరు పోస్టుకార్డుల మీద నిలబడి ఉంది!

అరవై కిలోల మనిషి ఒంటికాలిమీద నిలబడితే పాదం కింద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అరకిలో కూడా ఉండదు. అంటే టైరు మనిషి పాదంకన్నా ఐదారు రెట్లు గట్టిగా నేలను గుచ్చుతోంది. “నేను ముందు నడిచి చూశానండీ, గట్టిగానే ఉంది” అని చెప్పినవాళ్ళ మాట నమ్మి బండి దింపినవాళ్ళు మోసపోయేది ఇందుకే.

టైరులో గాలిని 18 పాయింట్లకు దించితే ఏమవుతుంది? అదే 500 కిలోలు ఇప్పుడు దాదాపు 400 చదరపు సెంటీమీటర్ల మీద పడతాయి. మూడు పోస్టుకార్డులు. టైరు పక్కలకన్నా పొడవులోనే ఎక్కువ పరుచుకుంటుంది, ఒంటెపాదంలా. రూపాయి ఖర్చు లేకుండా, వాల్వులో ఒక పుల్ల గుచ్చి నొక్కితే చాలు, నేలమీద ఒత్తిడి సగమైపోతుంది. బురదలో చిక్కుకున్న డ్రైవరుకు ఇంతకన్నా చవకైన ఉపాయం నాకు తెలిసి లేదు. ట్రాక్టరు వెనక టైరులో 12 నుంచి 15 పాయింట్ల గాలే ఉంచేది ఈ కిటుకుతోనే.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. గాలి తగ్గిన టైరు మలుపులో రిమ్ము మీదనుంచి ఊడి రావచ్చు, వేగంగా నడిపితే వేడెక్కి పగలవచ్చు. బయటపడ్డాక మళ్ళీ గాలి నింపేదాకా మెల్లగా, మలుపులు విశాలంగా తీసుకుంటూ పోవాలి.

ఈ లెక్కకు లొంగని బురద కూడా ఉంది. పైన జానెడు రొంపి, కింద గట్టి నేల ఉన్నచోట తేలడానికి ప్రయత్నించకుండా తెగకోసుకుంటూ అడుక్కి చేరడమే మేలు. మన ఎడ్లబండి చక్రం ఆ జాతిదే. సన్నటి ఇనపకమ్మీ బురదను కోసుకుంటూ గట్టి నేల అందుకుంటుంది, చక్రం ఎత్తుగా ఉండటంతో ఇరుసు మాత్రం బురదకు పైనే ఉంటుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు బిగించే ఇనప దమ్ముచక్రాలదీ ఇదే తీరు. వాటి పలకలు పార మొనల్లా దిగి, లోపలి గట్టిమట్టిని పట్టుకుని తోస్తాయి. (అవే తారురోడ్డు ఎక్కితే రోడ్డును చీల్చేస్తాయి. అందుకే వాటితో రోడ్డెక్కవద్దని అధికారులు ఏటా చెబుతారు.)

టైరు మీద లోతైన గళ్ళు కూడా ఇలాంటి పలకలే. అయితే రేగడి ఆ గళ్ళను రెండు తిరుగుళ్ళలోనే మెత్తేస్తుంది. ఆపైన అది నున్నటి రోకలిబండ.

కాడికి రెండు ఎడ్లు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంటే అన్నీ కలిసి ఎందుకు లాగవు?

ఏ బండైనా మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఒకటి ఈడ్చుకుపోవాల్సిందే. అందుకని ఇరుసు మధ్యలో ఒక పళ్ళచక్రాల అమరిక పెడతారు. వెనకనుంచి చూస్తే ఇరుసు నడుమ గుండులా ఉబ్బి కనిపించేది అదే, డిఫరెన్షియల్. రెండు చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనిస్తూనే రెంటికీ సమానంగా బలం పంచడం దాని పని.

ఆ ‘సమానంగా’ అన్న మాటలోనే చిక్కంతా ఉంది. నాగలి కాడిని గుర్తుచేసుకోండి. కాడి నడుమ తాడుతో నాగలికి కట్టి ఉంటుంది, రెండు కొసల్లో రెండు ఎడ్లు. రెండూ సమానంగా లాగితేనే కాడి అడ్డంగా నిలుస్తుంది. ఒక ఎద్దు మెడ వదిలేసిందంటే రెండోది ఎంత బలమైనదైనా దాని కొస ముందుకు పోతుందే తప్ప నాగలి కదలదు. ఆ జతకు దక్కే బలం బలహీనమైన ఎద్దు లాగుడుకు రెండింతలే, అంతకు మించదు.

ఇరుసుమీద చక్రాలకూ ఇదే న్యాయం. ఎడమ చక్రం రొంపిలో, కుడి చక్రం గట్టి గట్టుమీద ఉందనుకోండి. రొంపిలోని చక్రానికి ఎదురు లేదు, కాబట్టి దాన్ని తిప్పడానికి పట్టే బలం కొంచెమే. డిఫరెన్షియల్ ఆ కొంచెమే కుడి చక్రానికీ ఇస్తుంది. ఎడమది గిర్రున తిరుగుతుంది, కుడిది గుడ్లప్పగించి చూస్తుంది. ముందు ఇరుసులో ఒకటి, వెనక ఇరుసులో ఒకటి ఇలా పట్టు తప్పాయంటే ఫోర్ బై ఫోర్ బండి కూడా నిలిచిపోవాల్సిందే. ఐమూలగా గుంతలున్న దారిలో సరిగ్గా ఇదే జరుగుతుంది.

రైతులకు దీని మందు ఎప్పటినుంచో తెలుసు. ట్రాక్టరులో కాలికి అందేలా ఒక చిన్న పెడల్ ఉంటుంది. తొక్కితే డిఫరెన్షియల్ బిగుసుకుపోయి రెండు వెనక చక్రాలూ ఒకే కడ్డీమీద ఉన్నట్టు తిరుగుతాయి. అదే డిఫ్ లాక్. ట్రాక్టరుకు కుడి ఎడమ బ్రేకులు వేరువేరుగా కూడా ఉంటాయి. ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు వేస్తే దానికి ఎదురు పుడుతుంది, ఆ మేరకు రెండో చక్రానికీ బలం పెరుగుతుంది. కొత్త కార్లలో ట్రాక్షన్ కంట్రోల్ పేరుతో కంప్యూటరు చేసే పని ఈ బ్రేకు కిటుకే.

తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వి-క్రాస్ లాంటి పికప్‌లలో, మహీంద్రా జీపుల్లో ‘ఫోర్ లో’ అనే గేరు ఉంటుంది. అది వేస్తే చక్రాల వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, తిప్పే బలం అంత మేరకు పెరుగుతుంది. బలం పెరగడమే దాని గొప్ప అనుకుంటారు చాలామంది. బురదలో నాకు మాత్రం ఆ తగ్గిన వేగమే విలువైనదిగా కనిపిస్తుంది. పెరుగు విరగకుండా ముక్కగా తీయడానికి గరిటెను ఎంత మెల్లగా కదపాలో, చక్రాన్ని అంత మెల్లగా తిప్పే వీలు ఇస్తుంది.

ముందు కాలు తీయండి

బండి కదలడం ఆగి, రెండు మూడు క్షణాలు చక్రాలు ఊరికే తిరిగాయంటే యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసేయాలి. మొదటి వైద్యం అదే. తర్వాత కిందికి దిగి చూడాలి. సైలెన్సరు గొట్టం బురదలో మునిగి ఉంటే ముందు దాన్ని తవ్వి తెరవాలి. లేకపోతే విషవాయువు బండి లోపలికి చేరుతుంది, ఆ వాయువుకు వాసన ఉండదు.

బండి ఎంత గట్టిగా చిక్కిందో తెలుసుకోవడానికి అమెరికా సైన్యం తన వెలికితీత నిపుణులకు ఒక చేతిలెక్క నేర్పుతుంది. చక్రం నడిమి దాకా కూరుకుంటే లాగడానికి బండి బరువంత బలం కావాలి. నడిమి దాటి మడ్‌గార్డు దాకా దిగితే బరువుకు రెట్టింపు. క్యాబిన్ దాకా మునిగితే మూడు రెట్లు. మన రెండు టన్నుల ట్రక్కు విషయంలో ఇవి రెండు, నాలుగు, ఆరు టన్నులు. గట్టి రోడ్డుమీద అదే ట్రక్కును నలుగురు మనుషులు తోసుకుపోగలరు. యాక్సిలరేటరు అనవసరంగా తొక్కిన ఆ ఒక్క నిమిషం ఖరీదు ఇందులో కనిపిస్తుంది.

అన్ని టన్నులు ఎందుకు? బండి బరువుకు తోడు, ముందున్న బురదకుప్పను నెట్టాలి. పైగా బండి అడుగు బురదకు అతుక్కుపోయి ఉంటుంది. తడిగచ్చు మీద బోర్లించిన స్టీలు పళ్ళేన్ని నిట్టనిలువునా ఎత్తబోతే రాదు. ఒక అంచు లేపితే చప్పున వస్తుంది. కిందికి గాలి దూరేదాకా పైనున్న వాతావరణం పళ్ళేన్ని నొక్కి పెడుతుంది. ఆ ఒత్తిడి చదరపు మీటరుకు పది టన్నులు. బురద అంత బిగుతుగా గాలిని ఎప్పుడూ ఆపలేదు గానీ, అందులో పదోవంతు ఆపినా ఒక టన్ను అదనపు బరువే. మడిలో నాట్లు వేసేవాళ్ళు కాలు నేరుగా పైకి లాగరు. మడమ కాస్త తిప్పి, పక్కన సందు చేసి తీస్తారు. గేదె డెక్క ఈ పనిని పుట్టుకతోనే చేస్తుంది. రెండుగా చీలిన ఆ డెక్క నొక్కినప్పుడు విచ్చుకుని వెడల్పవుతుంది, ఎత్తినప్పుడు దగ్గరకు ముడుచుకుని చుట్టూ గాలికి దారి ఇస్తుంది.

కాబట్టి పార పట్టుకోవాలి. ఇరుసుల కింద, బండి అడుగున ఆనుకున్న బురద తీసేయాలి. తర్వాత చక్రాల దగ్గరకు రావాలి. గుంతలో దిగిన చక్రం ముందు నిలువు గోడ ఉంటుంది. దాన్ని చెక్కి వాలుగా చేయాలి, జల్ల ఎత్తి మోసేవాళ్ళకు మెట్లకన్నా వాలు సుఖమైనట్టే చక్రానికీ వాలు సుఖం. ఎటు వెళ్ళాలన్న ప్రశ్న వస్తే, వచ్చిన దారినే వెనక్కి రావడం సాధారణంగా తేలిక. ఆ గాడిలో మట్టి అప్పటికే బండి బరువుకు నలిగి అణిగి ఉంది. వెనక్కి లాగితే పట్టే బలం పదోవంతు తగ్గుతుందని ఆ సైనిక లెక్కే చెబుతుంది.

చక్రం కింద పెట్టడానికి చుట్టూ ఉన్నదేదైనా పనికొస్తుంది. రేగడి పొలాల్లో పత్తికట్టె, కందికట్టె దొరుకుతుంది. కోనసీమ వైపు అయితే కొబ్బరిమట్టలు. గోనెసంచులు, చెక్కపలకలు, కంకర ఏదైనా సరే. పుల్లలను దారికి అడ్డంగా, నిచ్చెన మెట్లలా పరిస్తే టైరు గళ్ళు వాటిని పట్టుకుంటాయి. తుమ్మకంప మాత్రం వద్దు, టైరు పంక్చరైతే కష్టం రెట్టింపవుతుంది. చక్రం పలకను వెనక్కి విసిరేయవచ్చు గనక వెనక ఎవరూ నిలబడకూడదు. జాకీ పెట్టి చక్రం ఎత్తాలంటే జాకీ కింద వెడల్పాటి పలక వేయాలి. ఎత్తిన బండి కిందికి మనిషి దూరకూడదు, ఆ జాకీ నిలబడ్డదీ బురదమీదే.

పలకను చక్రం కింద పెట్టే ఉపాయాన్ని ఎంత దూరం తీసుకుపోవచ్చో మొదటి ప్రపంచయుద్ధం చూపించింది. 1917లో బెల్జియంలోని పాషెండేల్ దగ్గర ఎడతెగని వానలకు, ఫిరంగిగుండ్లకు నేలంతా ఊబి అయింది. 28 టన్నుల బ్రిటిష్ మార్క్ ఫోర్ ట్యాంకులు అందులో దిగబడిపోయేవి. వాటి నెత్తిమీద పెద్ద దూలం ఒకటి మోసుకెళ్ళే ఏర్పాటు చేశారు. చిక్కుకున్నప్పుడు ఆ దూలాన్ని గొలుసులతో రెండు ట్రాకులకూ అడ్డంగా బిగిస్తారు. ట్రాకులు తిరిగితే దూలం ముందునుంచి కిందికి వెళ్ళి, బురదలో అడ్డంగా నాటుకుని, ట్యాంకు దానిమీదుగా పాకుతుంది. మన ఊళ్ళలో టైరు చుట్టూ మోకు గట్టిగా చుట్టి బండి లాగించడంలోనూ పనిచేసేది ఇదే సూత్రం.

ఇప్పుడు గాలి తగ్గించి, డిఫ్ లాక్ ఉంటే వేసి, ఫోర్ లోలో మెల్లగా కదిలించండి. స్టీరింగును కుడికీ ఎడమకూ కొద్దిగా ఆడిస్తే టైరు పక్క గళ్ళు గాడి గోడను పట్టుకోవచ్చు. ఊయల ఊపినట్టు ముందుకూ వెనక్కూ ఊపడం కూడా మంచిదే, ప్రతి ఊపుకూ బండి కాస్త ఎక్కువ దూరం వస్తున్నంత వరకే. ఊపు పెరగకుండా గుంత పెరుగుతుంటే ఆపి మళ్ళీ పార పట్టాలి.

ఈ ఓపిక ఎంత దూరం పనికొస్తుందంటే, అంగారక గ్రహం దాకా. అక్కడ ఆపర్చునిటీ రోవర్ 2005 ఏప్రిల్‌లో ఒక ఇసుకదిబ్బలో కూరుకుంది. నాసా ఇంజనీర్లు దాన్ని వెంటనే కదపలేదు. భూమ్మీద అలాంటి మట్టి తయారుచేసి, నమూనా రోవర్‌ను అందులో దింపి, తీయడం సాధన చేశారు. దాదాపు ఐదు వారాలకు, జూన్‌లో అది బయటపడింది. దాని జంట రోవర్ స్పిరిట్‌కు ఆ భాగ్యం దక్కలేదు. 2009లో గట్టి పైపొర కింద దాగిన మెత్తటి మట్టిలోకి దిగబడింది. దాని ఆరు చక్రాల్లో ఒకటి 2006లోనే పనిచేయడం మానేసింది. నెలల తరబడి ప్రయత్నించి, 2010 జనవరిలో ఇక అది కదలదని ప్రకటించారు. దాన్ని తోయడానికి అక్కడ ఒక్క మనిషి లేడు.

బట్టల తాడు చెప్పే లెక్క

తోడు మరో బండి లేదు, చుట్టూ చీకటి పడుతోంది. దగ్గర్లో ఒక చెట్టూ, బండిలో సాగని గట్టి మోకూ ఉన్నాయనుకోండి. మనిషి బలంతో ట్రక్కును లాగగలమా?

బిర్రుగా కట్టిన దండెం మీద తడిచీర ఆరేసినప్పుడు గోడకున్న మేకు ఊడివచ్చిన సందర్భం చాలా ఇళ్ళలో ఉంటుంది. చీర రెండు కిలోలు కూడా ఉండదు. అయినా మేకు ఎందుకు ఊడింది? దాదాపు అడ్డంగా ఉన్న తాడు ఆ బరువును పైకి మోయాలంటే రెండు పక్కలకూ ఎన్నో రెట్లు బలంగా గుంజాలి. తాడు ఎంత బిర్రుగా ఉంటే గుంజుడు అంత ఎక్కువ.

బండికీ చెట్టుకూ మధ్య ఇరవై మీటర్ల మోకు బిర్రుగా బిగించి, నడుమ నిలబడి పక్కకు అరమీటరు నెట్టండి. మీరు 50 కిలోల బలంతో నెడితే మోకులో 500 కిలోల గుంజుడు పుడుతుంది. పది రెట్లు! ఊరికే వచ్చింది కాదు, ఆ అరమీటరు నెట్టుడుకు బండి కదిలేది రెండున్నర సెంటీమీటర్లే. అంగుళం కదలగానే మోకు మళ్ళీ బిగించి, మళ్ళీ నెట్టాలి. ఇంజను కూడా మెల్లగా తోడు పడుతుంటే అంగుళం అంగుళంగా బండి బయటికి వస్తుంది. చెట్టు బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీ చుట్టడం మరవకండి.

మరో బండి దొరికితే పని సులువు, ప్రమాదం పెద్దది. మన దగ్గర చాలామంది ఇనపగొలుసు కట్టి, లాగే బండిని వేగంగా ఉరికించి ఒక్క గుంజు గుంజుతారు. లెక్క చూడండి. రెండు టన్నుల బండి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతూ, గొలుసు ఐదు సెంటీమీటర్లు సాగేలోపు ఆగాలంటే సగటున 35 టన్నుల బలం పడుతుంది. గొలుసో, కొక్కెమో, బండి చట్రమో తెగాల్సిందే. బదులుగా పది మీటర్ల నైలాన్ తాడు రెండు మీటర్లు సాగితే సగటు బలం 900 కిలోలు, చివర్లో దానికి రెండింతలు. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని చేతులు వెనక్కి తీసుకుంటూ పట్టినట్టే ఇదీ. సాగిన తాడు తనలో దాచుకున్న శక్తిని చిక్కుకున్న బండికి నెమ్మదిగా అందిస్తుంది.

అదే తాడు తెగితే ఆ శక్తంతా ఉండేలు వదిలినట్టు ఒక్కసారి బయటపడుతుంది. ఉండేలులో గులకరాయి ఉన్నచోట ఇక్కడ ఇనపకొక్కెం ఉంటుంది. ట్రైలరు తగిలించే గుండుకు తాడు కట్టి లాగగా, ఆ గుండు ఊడి ఎగిరివచ్చి మనుషుల ప్రాణాలు తీసిన ఘటనలు ఉన్నాయి. తాడును చట్రానికి బిగించిన లాగుడుకొక్కేలకే కట్టండి. తాడు నడుమ తడిపిన గోనెసంచి వేయండి, తెగినా ఎగరకుండా అది కిందికి లాగుతుంది. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపల ఎవరినీ నిలబడనివ్వకండి, ముఖ్యంగా చూడటానికి గుమిగూడిన పిల్లలను.

బండి గట్టి నేల ఎక్కాక రెండు పనులు మిగులుతాయి. టైర్లలో గాలి నింపి, మెల్లగా నడుపుతూ నాలుగైదుసార్లు తొక్కి బ్రేకులు ఆరాయో లేదో చూసుకోవడం ఒకటి. రెండోది, పార మళ్ళీ తీసి, మీ చక్రాలు తవ్విన గుంతలను పూడ్చడం. రేగడి ఆరితే రాయిలా గట్టిపడుతుంది, ఆ గాడి వచ్చే వానల దాకా అలాగే ఉండిపోతుంది. రేపు పొద్దున ఆ డొంకలో ముందుగా నడిచేది ఒక ఎద్దు. దాని కాలు ఆ గుంతలో పడనివ్వకండి.